రాజధాని ఎక్కడ పెట్టాలి? వైజాగ్ మ్యాప్ మీద సివిలైజేషన్ 6 రూల్స్

(స్క్రీన్: మొదటి టర్న్. చుట్టూ ఏమీ కనిపించని మ్యాప్, మధ్యలో ఒక సెట్లర్, పక్కన ఒక వారియర్.)

నమస్తే అండీ, వైజాగ్ నుంచి. మా మేనల్లుడు గాజువాకలో ఉంటాడు, ఇంజనీరింగ్ రెండో ఏడు. పోయిన నెల సేల్‌లో సివిలైజేషన్ 6 కొనుక్కుని, మూడు రోజుల్లో నాలుగు ఆటలు ఓడిపోయి, ఆదివారం పొద్దున్నే నాకు ఫోన్. "మావయ్యా, ఈ గేమ్ మోసం. నేనేం తప్పు చెయ్యకుండానే చస్తున్నా." స్క్రీన్ చూపించరా అన్నాను. చూస్తే నాలుగింటిలో మూడు వాడు ఓడిపోయింది మొదటి టర్న్‌లోనే, ఆ సంగతి తెలిసింది మాత్రం అరవయ్యో టర్న్‌లో.

సెట్లర్, అంటే కొత్త ఊరు పెట్టే మనిషి, ఎక్కడ నిలబడి ఉంటే అక్కడే ఊరు పెట్టేశాడు. అదీ సంగతి. ఈ వీడియోలో ముప్పావు వంతు దీని గురించే, ఎందుకంటే మిగతా రూల్స్ అన్నీ ఈ ఒక్క నిర్ణయానికి వేలాడుతుంటాయి.

ముందు రెండు ముక్కల్లో గేమ్ ఏంటో. ఊళ్లు పెట్టి, రాజ్యాన్ని పెంచుకుంటూ పోయే కంప్యూటర్ గేమ్. 1991లో సిడ్ మియర్ మొదలుపెట్టిన సిరీస్, ఆరో భాగం 2016 అక్టోబర్‌లో వచ్చింది. ఏడోది కూడా 2025 ఫిబ్రవరిలో వచ్చింది గానీ దాని లెక్కలు వేరు, ఇక్కడ చెప్పేవి అక్కడ పెట్టి తర్వాత నన్ను తిట్టొద్దు. నేను ఆడేది ఆరో భాగమే, గ్యాదరింగ్ స్టార్మ్ విస్తరణతో కలిపి. టర్న్ బేస్డ్ అంటే పులిజూదమే, మీరు ఎత్తు వేసేదాకా మేక కదలదు, పులీ కదలదు, మధ్యలో లేచి వెళ్లి అన్నం తినొచ్చు. క్రీ.పూ. 4000లో మొదలవుతుంది. స్టాండర్డ్ స్పీడ్‌లో మొదట్లో ఒక్కో టర్న్ 40 ఏళ్లు, అంటే మీ వారియర్ మద్దిలపాలెం నుంచి ఎంవీపీ కాలనీకి నడిచేలోపు వాడి మనవడు ముసలాడైపోతాడు. దాని గురించి ఎక్కువ ఆలోచించకండి. మొత్తం 500 టర్న్‌లు.

మ్యాప్ అంతా ఆరు పలకల గడులు. ఊరు ఒక గడిలో కూర్చుంటుంది, చుట్టూ మూడు గడుల దూరం దాకా ఉన్న నేలని మీ జనం సాగు చేస్తారు. ఒక్కో మనిషి ఒక్కో గడిలో పని చేస్తాడు, ఒక్కో మనిషికి టర్న్‌కి 2 తిండి కావాలి. తిండి మిగిలితే జనం పెరుగుతారు. ఇంతవరకూ మావాడికీ తెలుసు.

వాడికి తెలియనిది నీళ్లు.

(స్క్రీన్: సెట్లర్‌ని ఎంచుకోగానే మ్యాప్ మీద రంగులు. వాటి మీద వేలు పెట్టి చూపించాలి.)

సెట్లర్ మీద నొక్కగానే గడులకి రంగులు వస్తాయి, చాలామంది వాటిని అలంకారం అనుకుంటారు. ముదురు ఆకుపచ్చ అంటే మంచినీళ్లు, నదో చెరువో పక్కనుంది. లేత ఆకుపచ్చ అంటే సముద్రం ఒడ్డు. బూడిద రంగు అంటే నీళ్లే లేవు. మంచినీళ్లుంటే ఆ ఊరికి హౌసింగ్ 5, ఒట్టి సముద్రమైతే 3, ఏదీ లేకపోతే 2. హౌసింగ్ అంటే ఎంతమంది ఉండగలరో ఆ లెక్క. జనం దానికి ఒకటి తక్కువలోకి వచ్చేసరికి పెరుగుదల సగమైపోతుంది, సమానమైతే పావు వంతుకి పడిపోతుంది. మావాడు నాలుగింటిలో మూడుసార్లు బూడిద రంగులో పెట్టాడు. తిండి గుట్టలు గుట్టలుగా ఉంది, ఊరు మాత్రం ఎదగదు. ఇంట్లో బియ్యం బస్తా ఉండి కుళాయి రాకపోతే ఎలా ఉంటుందో మన వాళ్లకి వేరే చెప్పాలా.

ఇది మన ఊరి మీద పెట్టి చూడండి. భీమిలి రోడ్డులో తొట్లకొండ ఎక్కారు కదా, అక్కడ బౌద్ధ భిక్షువుల ఆరామం, ఎదురుగా సముద్రం, మంచి గాలి, శత్రువు వస్తే మైళ్ల దూరం నుంచే కనిపిస్తాడు, అన్నీ ఉన్నాయి, నది లేదు. అందుకని రాతిని తొలిచి తొట్లు చేసి వాన నీళ్లు పట్టుకున్నారు, కొండకి పేరే అలా వచ్చింది. సివ్‌లో అయితే అది హౌసింగ్ 3 ఉన్న చోటు. నగరం సంగతీ అంతే, గోదావరి లాంటి పెద్ద నది మనకి లేదు, ఏలేరు నుంచి కాలువ తవ్వి తెచ్చుకుంటున్నాం. గేమ్‌లో దాని పేరు ఆక్విడక్ట్. సిటీ సెంటర్, అంటే ఊరు కూర్చున్న గడి, దాని పక్క గడిలో ఉండాలి, రెండో వైపు నదో చెరువో పర్వతమో తగలాలి. కడితే మంచినీళ్లు లేని ఊరి నీటి హౌసింగ్ 6 అవుతుంది. బాగుంది కదా అని మొదటి ఊరికి దాని మీద ఆధారపడకండి, అది దొరికేసరికి ఇంజనీరింగ్ చదవాలి (మావాడి ఇంజనీరింగ్ కాదు, గేమ్‌లో పరిశోధించే టెక్నాలజీ; ఇక్కడ చదువు అన్నప్పుడల్లా అదే), అప్పటికి పక్కవాడి ఊళ్లు నాలుగైపోతాయి.

కాబట్టి నది పక్కన, వీలైతే కొండ మీద. మైదానపు కొండ (గేమ్‌లో ప్లెయిన్స్ హిల్స్) గడిలో ఊరు పెడితే ఆ గడి 2 తిండి, 2 ఉత్పత్తి (ఏదైనా తయారుచెయ్యడానికి పట్టే పని) ఇస్తుంది, మామూలు గడిలో ఉత్పత్తి 1 మాత్రమే. మొదట్లో ఆ ఒక్కటి చాలా పెద్ద తేడా: వారియర్‌కి 40 ఉత్పత్తి కావాలి, బిల్డర్‌కి 50, సెట్లర్‌కి 80, పైగా ప్రతి సెట్లర్‌కీ ధర పెరుగుతూ పోతుంది. మంచి చోటు కోసం ఒకటి రెండు టర్న్‌లు నడవడం నష్టమేమీ కాదు. ఐదారు టర్న్‌లు తిరుగుతూ కూర్చుంటే నష్టమే.

ఇక్కడ కొండకీ పర్వతానికీ తేడా చెప్పాలి, ఎందుకంటే దీనితోనే నేను మొదటిసారి బోల్తా పడ్డాను. గేమ్‌లో కొండ ఎక్కొచ్చు, పర్వతం ఎవడూ ఎక్కలేడు. డిస్ట్రిక్ట్ అంటే ఊరి చుట్టూ ఉన్న ఒక గడిలో ఒక్కో పని కోసం కట్టే పేట. క్యాంపస్ అని ఒక డిస్ట్రిక్ట్ ఉంటుంది, సైన్స్ కోసం. పక్కన ఎన్ని పర్వతాలుంటే అన్ని సైన్స్ పాయింట్లు అదనం. నేను సంబరంగా కొండల మధ్య క్యాంపస్ కట్టి, సున్నా చూసి తల పట్టుకున్నాను. మన కైలాసగిరికి బస్సు వెళ్తుంది, కాబట్టి అది కొండే. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో పుట్టి 1930లో వాల్తేరుకి వచ్చింది, గేమ్ లెక్కలో ఆ బదిలీ వల్ల పర్వతాల బోనస్ ఒక్కటి కూడా రాదు. వ్యూ మాత్రం వచ్చింది.

మన ఊరు అసలు గెలిచేది హార్బర్ దగ్గర. డాల్ఫిన్ నోస్ కొండ అడ్డం ఉండి అలల్ని ఆపుతోంది, వెనక ఒదిగిన నీళ్లు, 1933లో పోర్టు తెరిచింది అక్కడే. గేమ్‌లో హార్బర్ సిటీ సెంటర్‌కి ఆనుకుని ఉంటే 2 బంగారం అదనం, పక్కన చేపల్లాంటి సముద్ర వనరులుంటే ఒక్కోదానికీ ఇంకో 1. దాని పక్కనే నది ఒడ్డున కమర్షియల్ హబ్ పెడితే నదికి 2, హార్బర్‌కి 2. సిటీ సెంటర్, హార్బర్, హబ్, ఈ మూడూ ఒకదానికొకటి తగిలేలా మూడు మూలల్లో పెడితే డబ్బుకి ఇంక వెతుక్కోనక్కర్లేదు. హార్బర్‌లో లైట్‌హౌస్ కడితే ఒక ట్రేడ్ రూట్ వస్తుంది. హబ్‌లో మార్కెట్ కట్టినా వస్తుంది, కానీ ఊరికి ఒకటే, రెండూ కట్టి రెండు అడగొద్దు. స్టీల్ ప్లాంట్‌కి, అంటే ఇండస్ట్రియల్ జోన్‌కి, ఆక్విడక్ట్ ఆనుకుని ఉంటే 2 ఉత్పత్తి. మన స్టీల్ ప్లాంట్‌కి వెళ్లేవీ ఏలేరు నీళ్లే. ఈ రూల్ రాసినవాడు ఎప్పుడైనా గాజువాక వచ్చాడేమో అని నాకో అనుమానం.

డిస్ట్రిక్ట్‌లు ఇష్టమొచ్చినన్ని కట్టలేరు. మొదటిది జనం 1 ఉన్నా కట్టొచ్చు, రెండోదానికి 4, మూడోదానికి 7, అలా మూడేసి పెరుగుతుంది. అందుకే హౌసింగ్, అందుకే నీళ్లు, మళ్లీ అక్కడికే వచ్చాం చూడండి. ఇంకో కిటుకు: మీరు ఎంత చదివితే డిస్ట్రిక్ట్ ధర అంత పెరుగుతుంది, కానీ గడిలో పునాది వేసిన రోజున్న ధరే చివరిదాకా. కాబట్టి అవకాశం రాగానే పునాది వేసి వదిలేయండి, పూర్తి చేసేది తర్వాత చూసుకోవచ్చు. శంకుస్థాపన చేసి పదేళ్లు పట్టించుకోకపోవడం ఎలాగో మనకి ఎవరూ నేర్పనక్కర్లేదు.

(స్క్రీన్: మావాడి మూడో ఆట, ఎరుపు రంగు స్కౌట్.)

ఇప్పుడు మూడో ఆట. అక్కడ ఊరు పర్లేదు, మరి ఎందుకు పోయాడు? బార్బేరియన్లు, అంటే ఏ రాజ్యానికీ చెందని దోపిడీ గుంపులు. వాళ్ల స్కౌట్, అంటే వేగులవాడు, ఒకడు మీ ఊరు చూస్తాడు, వాడి నెత్తిమీద ఆశ్చర్యార్థకం గుర్తు వస్తుంది, ఇంటికి పరుగెడతాడు. వాడు స్థావరం చేరాడా, అక్కణ్ణుంచి గుంపులు గుంపులుగా వస్తారు. చేరేలోపు చంపేస్తే ఏమీ జరగదు. మావాడు ఏం చేశాడు? "పోనీలే మావయ్యా, వాడేం చేశాడు, ఊరికే చూసి వెళ్లిపోయాడు కదా అని వదిలేశా." ఒరే, దొంగ పగలు వచ్చి చూసి వెళ్లేదే రాత్రి రావడానికిరా!

యుద్ధం లెక్క కూడా ఇక్కడే చెప్పేస్తా. ప్రతి యూనిట్‌కీ ప్రాణం 100. రెండు వైపులా బలం సమానమైతే ఒక దెబ్బకి సుమారు 30 పోతుంది. బలంలో తేడా ఉంటే అది చాలా వేగంగా మారిపోతుంది. వారియర్ బలం 20. ఎదుటి రాజుగారి వారియర్‌దీ 20, కానీ వాడు అడవి ఉన్న కొండ మీద ఉన్నాడు, కొండకి 3, అడవికి 3, రెండు టర్న్‌లు కదలకుండా ఫోర్టిఫై అయితే ఇంకో 6, మొత్తం 32. మీరు కిందనుంచి వెళ్లి కొడితే వాడికి 20 లోపు తగులుతుంది, మీకు 50 దగ్గర పోతుంది. రెండు దెబ్బలకి మీవాడు లేడు. తప్పు మీదే. అలాంటి చోటికి స్లింగర్‌ని, అంటే రాళ్లు విసిరేవాణ్ణి, తీసుకెళ్లండి, దూరం నుంచి కొట్టేవాడికి తిరుగు దెబ్బ ఉండదు. ఆ స్లింగర్‌తో ఒకణ్ణి చంపితే ఆర్చరీ చదువులో 40 శాతం ఫ్రీగా వస్తుంది. దీన్ని యురేకా అంటారు, దాదాపు ప్రతి చదువుకీ ఇలాంటిది ఒకటుంది: సముద్రం ఒడ్డున ఊరు పెడితే సెయిలింగ్‌కి, క్వారీ తవ్వితే మేసన్రీకి. నేను చేసేదేంటంటే, 60 శాతం చదివి ఆపేసి వేరేది మొదలుపెట్టి, యురేకా తగిలినప్పుడు మిగతాది దానంతటదే పూర్తయ్యేలా చూసుకుంటాను.

నడక గురించి ఒక్క మాట, ఐదో భాగం ఆడి వచ్చినవాళ్లు ఇక్కడే తిట్టుకుంటారు. వారియర్‌కి టర్న్‌కి 2 అడుగులు, కొండకి 2 కావాలి. ఒక అడుగు మైదానంలో వేసి మిగిలిన ఒక్కదానితో కొండ ఎక్కుదామంటే కుదరదు, వచ్చే టర్న్ దాకా కిందే నిలబడాలి. ఐదో భాగంలో ఎంత మిగిలినా ఎక్కనిచ్చేవాడు. కాబట్టి దాడికి ముందు టర్న్‌లో ఎక్కడ ఆగాలో లెక్కేసుకోండి.

ఎవరితో ఆడాలి అని అడుగుతారు. కొత్తవాళ్లకి నా ఓటు రోమ్ ట్రాజన్‌కి, మీరు పెట్టే ప్రతి ఊళ్లోనూ మాన్యుమెంట్ (సంస్కృతి పాయింట్లిచ్చే కట్టడం) ఫ్రీగా వస్తుంది. మనవాళ్లు కదా అని ఇండియా తీసుకుంటే గాంధీ ఉన్నారు, చంద్రగుప్తుడూ ఉన్నాడు. చంద్రగుప్తుడిగా ఆడుతూ మీరు పక్కవాడి మీద రాజ్య విస్తరణ యుద్ధం ప్రకటిస్తే మొదటి పది టర్న్‌లు నడకా బలమూ రెండూ పెరుగుతాయి, ఏనుగులు కూడా తోడైతే పక్కవాడికి టెన్షనే. గాంధీ గారు అణుబాంబులు వేస్తారని, మొదటి గేమ్‌లో లెక్క తప్పి అలా అయిందని ఒక కథ తిరుగుతుంటుంది కదా, అలాంటి బగ్ అసలు లేదని సిడ్ మియరే 2020లో వచ్చిన తన జ్ఞాపకాల పుస్తకంలో రాశాడు. ఇంక ఫార్వర్డ్ చెయ్యడం ఆపండి.

గెలవడానికి సైన్స్, సంస్కృతి, మతం, దౌత్యం, అందరి రాజధానులూ పట్టుకోవడం, ఏదీ కాకపోతే చివరి టర్న్‌లో స్కోరు. మొదటి వంద టర్న్‌ల దాకా వీటి గురించి బుర్ర పాడుచేసుకోకండి.

తుపాన్ల సంగతి చెప్పకుండా వైజాగ్‌వాణ్ణి ఎలా అవుతాను. గ్యాదరింగ్ స్టార్మ్‌లో సముద్రం నుంచి తుపాను వచ్చి ఒడ్డున కట్టినవన్నీ పీకేస్తుంది, బిల్డర్‌ని పంపి మళ్లీ బాగుచేయించుకోవాలి. ఆట మొదలుపెట్టేముందు డిజాస్టర్ తీవ్రత 0 నుంచి 4 దాకా పెట్టుకోవచ్చు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఇంట్లో చాలా రోజులు కరెంటు లేదు, వీధిలో నిలబడ్డ చెట్టు లేదు, అది చూసినవాణ్ణి కాబట్టి నేను 2 దాటించను. నది వరదలు మాత్రం వేరు, ముందు పాడుచేసినా తర్వాత ఆ నేలలో తిండి పెరుగుతుంది, ఒండ్రు మట్టి లెక్క. భయపడి నదికి దూరంగా జరగొద్దు.

(స్క్రీన్: ఐదో ఆట, టర్న్ 74.)

ఇది నిన్న రాత్రి మావాడు పంపిన ఫొటో. నది పక్కన, మైదానపు కొండ మీద రాజధాని, పేరు మార్చుకోవచ్చు కదా, గాజువాక అని పెట్టుకున్నాడు. కింద హార్బర్‌కి పునాది, రెండో ఊరు ఎంవీపీ, మూడోదానికి సెట్లర్ బయల్దేరాడు. పై మూలలో ఎర్ర స్కౌట్ ఒకడు నెత్తిమీద గుర్తుతో పరుగెడుతున్నాడు, వెనక మావాడి స్లింగర్ రెండు గడుల దూరంలో ఉన్నాడు. స్లింగర్ రాయి ఒక్క గడే వెళ్తుంది. మధ్యలో కొండ.

"మావయ్యా, అందుతాడా?" అని కింద రాశాడు.