ఉద్దెర ఖాతాలో నా ఫోన్ లెక్క

[దృశ్యం: పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం. గర్భగుడి గోడ మీద నిలువు నీడ.]

నమస్తే. నల్లగొండ పక్కనే పానగల్లులో ఉన్నాను. ఆ నీడ చూడండి, పొద్దంతా అక్కడే ఉంటుంది. చిన్నప్పుడు మేమంతా ఎదురుగా ఉన్న స్తంభం నీడే అనుకునేవాళ్లం. ఒకడు స్తంభం పక్కన నిలబడితే ఇంకొకడు లోపలికి తొంగి చూసేవాడు. నిలబడ్డవాడి నీడ మాత్రం కనిపించేది కాదు. అది ఏ ఒక్క స్తంభం నీడా కాదని తర్వాత తెలిసింది. స్తంభాలను అమర్చిన తీరు, వాటి సందుల్లోంచి వచ్చే వెలుతురు కలిసి చేసే పని అది.

ఈ వీడియో గుడి గురించి కాదు, నా ఫోన్ గురించి.

పొద్దున లేవగానే మంచం మీదే నలభై నిమిషాలు ఫోన్. అమ్మ రోజూ అనేది, "లేస్తనే గా డబ్బ ఎందుకురా బిడ్డా, మొఖమన్న కడుగు" అని. నేను తప్పంతా ఒకే స్తంభం మీద వేసేవాణ్ని: నాకు పట్టుదల లేదు, అంతే. ఉగాదికి ఒక ఒట్టు, పుట్టినరోజుకు ఇంకో ఒట్టు. నాలుగో రోజుకల్లా మళ్లీ మామూలే.

[దృశ్యం: కిరాణా దుకాణం గల్లా మీద పొడుగు పుస్తకం.]

ఒకరోజు ఉద్దెర కట్టడానికి పోయి ఆ ఖాతా పుస్తకం చూశాను. తారీఖు, సరుకు, పైసలు. అందులో తిట్లు లేవు. "మళ్లీ చక్కెర తీసుకున్నాడు, సిగ్గులేదు" అని ఎవరూ రాయలేదు! అలాంటి పుస్తకమే ఒకటి కొన్నాను. ఆ వారం ఫోన్ తగ్గించాలని చూడలేదు, తీసినప్పుడల్లా రాశాను. ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు, అంతకుముందు ఏం జరిగింది.

[దృశ్యం: పుస్తకం పేజీ, దగ్గరగా.]

పొద్దున 6:10. మంచం. 40 నిమిషాలు. అలారం ఆపడానికి తీసిన.
11:20. ఆఫీసు. 25 నిమిషాలు. బిడ్డ కాలేజీ ఫీజు మెసేజ్ వచ్చింది.
సాయంత్రం 5:45. బస్టాండ్. 15 నిమిషాలు. బస్సు రాలేదు.
రాత్రి 9:30. మంచం. 50 నిమిషాలు. ఇంట్ల మాటా మాటా అనుకున్నం.

ప్రతి వరసలో చివరిది, "అంతకుముందు ఏం జరిగింది" అన్న గడి చదువుతుంటే నాకే నవ్వొచ్చింది. అలారం ఫోన్‌లో ఉన్నన్ని రోజులు, నిద్ర లేవడమంటే ఫోన్ పట్టుకోవడమే కదా! ఇక ఫీజు సంగతి ఆ వారంలో మూడుసార్లు వచ్చింది. టెన్షన్ ఫీజుది, వేలు మాత్రం రీల్స్ మీద.

ఒకే చోట, ఒకే వేళకు చేసిన పనే మళ్లీ చేస్తుంటే, కొన్నాళ్లకు మెదడు మనల్ని అడగడం మానేస్తుంది. ఆ చోటు కనబడితే చాలు, చెయ్యి దానంతట అదే పోతుంది. అమెరికాలో వెండీ వుడ్ అనే శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్లు విద్యార్థుల చేత గంటగంటకూ ఏం చేస్తున్నారో రాయించారు. 2002లో వచ్చిన ఆ పరిశోధనలో దాదాపు 43 శాతం పనులు ఇలా అలవాటుగా జరిగిపోయేవేనని తేలింది. ఒట్టు పెట్టుకునే మనసు ఒకటి, చెయ్యి చాపే మెదడు ఇంకొకటి అన్నమాట.

అందుకే ఈసారి ఒట్టు పెట్టుకోలేదు. చార్జర్‌ను మంచం పక్కనుంచి ముందటి అర్రలో గూట్లోకి మార్చాను. ఒక అలారం గడియారం కొన్నాను. మా వాడకు పొద్దున్నే నల్లా వస్తుంది. బిందెలు నింపగానే చెప్పులేసుకొని ఉదయసముద్రం చెరువు కట్ట మీదికి నడక. ఉన్న పని తోకకు కొత్త పని కట్టాను.

ఎన్నాళ్లకు అలవాటవుతుంది? ఇరవై ఒక్క రోజులు అని అందరూ అంటుంటారు. ఆ లెక్కకు మూలం మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్. ఆపరేషన్ అయినవాళ్లు అద్దంలో కొత్త మొఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతుందని ఆయన 1960లో రాశాడు. ఆ "కనీసం" ఎక్కడో జారిపోయింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలి బృందం కొత్త అలవాటు చేసుకుంటున్న 96 మందిని చూసి 2010లో ప్రచురించిన లెక్క వేరు: మధ్యస్తంగా 66 రోజులు, మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదట. పెండ్లికి పోయి నేను మూడు రోజులు తప్పాను. దానికి వాళ్ల పూచీ లేదు లెండి.

[దృశ్యం: భూదాన్ పోచంపల్లి, వినోబా మందిరం.]

తక్కువ సామానుతో బతికే సాదా బతుకు గురించి కూడా వీడియోలు చూసేవాళ్లు అడుగుతున్నారు. ఒక్క సంచితో బొంబాయి బస్సెక్కిన పాలమూరు కూలీది సాదా బతుకు అనకండి, అది లేమి. నాకు నచ్చిన సంగతి పోచంపల్లిది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఇక్కడి భూమిలేని దళితులను ఎంత భూమి కావాలని అడిగారు. "కొంచెం ఇప్పించండి" అనలేదు వాళ్లు. నలభై కుటుంబాలు, ఎనభై ఎకరాలు అని లెక్క చెప్పారు. ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్నారు. భూదానం అక్కడ మొదలైంది.

ఎంత కావాలో అంకెతో చెప్పడం చిన్న విషయమేమీ కాదు. నేనూ నా భార్యా బీరువా ముందు కూర్చొని లెక్క పెట్టాం. నా అంగీలు 23, వేసుకునేవి ఆరు. చీరల లెక్క ఈ వీడియోలో చెప్పొద్దని ఆర్డరు.

[దృశ్యం: ముందటి అర్రలో గూడు. చార్జర్, ఫోన్, పక్కన మాత్రల డబ్బా.]

ఈ డబ్బా అమ్మది. బీపీ గోలీ రోజూ మర్చిపోయేది. మొన్నటి నుంచి తెచ్చి నా ఫోన్ పక్కనే పెడుతోంది. ఎందుకమ్మా అంటే, "నువ్వు నడిచొచ్చి ఫోన్ దీస్తవు గదా, నా గోలి గూడ అందియ్యి" అంది.