పెట్రోల్ ట్యాంక్ కారుతోందా? చుక్క పడే చోట వెతక్కండి

[కారు వెనక కింద, సిమెంటు నేల మీద తడి మచ్చ. కెమెరా దగ్గరికి వెళ్తుంది.]

ఈ మచ్చ చూశారా? ఎవరికి చూపించినా ఒకటే మాట: "ట్యాంక్‌కి చిల్లు పడింది, వెల్డింగ్ పెట్టించెయ్." ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ట్యాంకులు మండకముందే చెబుదామని ఈ వీడియో.

బండి మా బాబాయిది. 1998 మారుతి 800, కార్బురేటర్ మోడల్, అంటే గాలినీ పెట్రోల్‌నీ కలిపి ఇంజన్‌కిచ్చే పాత పద్ధతి. ఇంకా ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతుంది. అమ్మమంటే అలుగుతాడు.

సరే. మా నానమ్మ వాళ్లది పెంకుటిల్లు. వాన పడితే సరిగ్గా మంచం మీద కారేది. ఏటా మంచానికి నేరుగా పైనున్న పెంకులు మార్పించేవాళ్లు, మళ్లీ వానకి మళ్లీ మంచం మీదే. ఓ ఏడాది పెంకులు సర్దే ముసలాయన వచ్చి, మంచం వైపు చూడను కూడా చూడకుండా కొప్పు దాకా ఎక్కి, అక్కడ పగిలిన పెంకు ఒకటి తీసి కిందకి చూపించాడు. నీళ్లు అక్కడ దిగి, వాసం వెంట జారి, దూలం తగిలిన చోట చుక్క కట్టి పడుతున్నాయి.

పెట్రోల్ ట్యాంక్ కూడా అంతే. పైన ఎక్కడో బయటపడిన పెట్రోల్ ట్యాంక్ ఒంటి మీదుగా జారి, కింది అంచు దగ్గరో, ట్యాంక్‌ని పట్టి ఉంచే ఇనప పట్టీ దగ్గరో చుక్క కడుతుంది. అక్కడే చిల్లు ఉందనుకుంటే, మంచం మీది పెంకు మార్చినట్టే.

అందుకే నేను బాబాయిని ముందు ఒక ప్రశ్న అడిగాను.

"ఎప్పుడు కారుతోంది బాబాయ్?"

"ఫుల్ ట్యాంక్ కొట్టించిన రోజేరా. ఓ నలభై కిలోమీటర్లు తిరిగితే అదే తగ్గిపోతుంది. అందుకే పట్టించుకోలేదు."

పట్టించుకోకపోవడం తప్పే గానీ, ఆ జవాబుతో సగం పని అయిపోయింది. ఫుల్‌గా ఉన్నప్పుడే కారుతోందంటే జోరువానకే కారే ఇల్లన్నమాట. తప్పు పైభాగంలో ఉంది: పెట్రోల్ పోసే మూతికీ ట్యాంక్‌కీ మధ్య ఉండే లావు రబ్బరు గొట్టం, పక్కనే సన్నగా ఉండే గాలి గొట్టం, లేదా పెట్రోల్ మట్టం చూపే ఫ్లోట్ బిగించిన చోట కారకుండా వేసే గాస్కెట్. అలా కాకుండా ట్యాంక్ అడుగంటేదాకా కారుతూనే ఉందంటే, అది మంచుకి కూడా కారే ఇల్లు. అడుగు తుప్పు తినేసింది. మధ్యలో ఒక మట్టం దగ్గర ఆగిపోతే, ఇంకా మంచిది. చిల్లు ఆ ఎత్తులోనే ఉంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. కార్బురేటర్ బండిలో పంపు ఇంజన్ దగ్గర ఉండి ట్యాంక్ నుంచి పెట్రోల్ పీల్చుకుంటుంది. ఆ పైపు చీలితే బండి నడిచేటప్పుడు కారకుండా గాలి పీల్చి మిస్సింగ్ ఇవ్వొచ్చు, ఆపాక కారొచ్చు. తర్వాతి ఎంపీఎఫ్ఐ మోడళ్లలో, అంటే కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే వాటిలో, పంపు ట్యాంక్‌లోనే కూర్చుని గట్టిగా తోస్తుంది కాబట్టి కథ తిరగబడుతుంది. ఇంజన్ ఆన్ చేస్తే కారుతుంది, ఆపితే తగ్గుతుంది.

కిందకి దూరే ముందు: బండి ఆరుబయట ఉండాలి, సెల్లార్‌లో కాదు. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, నేల వెంట పాకి పల్లంలో చేరుతుంది. సర్వీసు గొయ్యిలోకి దిగడం ఇంకా ప్రమాదం. సైలెన్సర్ చల్లారనివ్వండి, బ్యాటరీ మైనస్ తీసేయండి, వైరుకి వేలాడే బల్బు బదులు ఎల్ఈడీ టార్చ్ వాడండి. ఒట్టి జాకీని నమ్మి కింద పడుకోకండి, స్టాండ్లు పెట్టండి.

[పళ్లెంలో తెల్లటి పొడి.]

ఇది ముగ్గు పిండి. నవ్వకండి. ట్యాంకూ గొట్టాలూ శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి, దీన్ని పలచగా చల్లాను. పావుగంట తర్వాత చూడండి... లావు గొట్టం క్లిప్పు కింద గోరంత చోట పిండి ముదురు రంగుకి తిరిగింది. అక్కణ్నుంచి సన్నటి గీత, ట్యాంక్ భుజం మీదుగా దిగి, అతుకు అంచు పట్టుకుని, ఇదిగో, జానెడు దూరంలో చుక్క. కొప్పు, వాసం, మంచం. మూడూ దొరికాయి.

గొట్టాన్ని వేళ్లతో వంచితే ఎండిన నేలలా నెర్రెలు. పాతికేళ్లు దాటిన రబ్బరు! ఈ మధ్య అన్నిటికీ ఇథనాల్ కలిపిన పెట్రోల్‌నే తిడుతున్నారు. పాత రబ్బరుకి అది పడదన్నది నిజమే. కానీ ఈ వయసు గొట్టం దేనికైనా నెర్రెలిస్తుంది.

ఇప్పుడు వెల్డింగ్ సంగతి. "ట్యాంక్ ఖాళీ చేశాం కదా" అంటారు. ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం! గాలిలో పెట్రోల్ ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే నిప్పు తగలగానే పేలుతుంది. నిండు ట్యాంక్‌లో గాలికి చోటే తక్కువ. ఖాళీ చేశాక లోపల అడుగు తడి, పైన గాలి, సరిగ్గా పేలే కొలతలో కలవొచ్చు. నీళ్లతో ఒకసారి కడిగినా అతుకుల్లో, తుప్పులో దాగిన పెట్రోల్ మళ్లీ ఆవిరవుతుంది. మామూలు గ్రిల్స్ షాపుకి ట్యాంక్ పట్టుకెళ్లకండి, అంతే.

టైమ్ అయిపోతోంది, రిపేరు గబగబా చెప్పేస్తా. ట్యాంక్‌లో పెట్రోల్ తగ్గించండి, కానీ నోటితో పీల్చొద్దు. పాత గొట్టం తీసి, ఇథనాల్‌కి తట్టుకునే పెట్రోల్ గొట్టమే అడిగి వేయండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట కొలతకి దొరుకుతుంది. నీళ్ల పైపు వేస్తే మెత్తబడిపోతుంది. క్లిప్పులూ కొత్తవే. ఫ్లోట్ గాస్కెట్ అయితే కొత్తది, లేపనాలు వద్దు. అడుగు తుప్పు పడితే సబ్బు రుద్దడం, ఎం-సీల్ అద్దడం షెడ్డు దాకా చేరడానికే. ఒక చిల్లు కనిపిస్తే పక్కన ఇంకో నాలుగు పలచబడి ఉంటాయి, ట్యాంక్ మార్చేయండి.

చివరగా, ఫుల్ ట్యాంక్ కొట్టించి రాత్రంతా కింద అట్టముక్క పరిచి ఉంచాం. పొద్దున చూస్తే అట్ట మీద ఒక చుక్క! బాబాయి మొహం పాలిపోయింది. వేలితో తాకితే జిడ్డు, వాసన చూస్తే పెట్రోల్ కాదు. వెనక షాకబ్జార్బర్ నుంచి ఆయిల్. దానికి ఇంకో వీడియో.