అండమాన్ వెళ్తే రూము ఏ ఒడ్డున తీసుకోవాలి?

[తెరపై: బంగాళాఖాతం మ్యాప్. చెన్నై, విశాఖల నుంచి పోర్ట్ బ్లెయిర్ వైపు సాగే గీత]

నమస్కారమండీ. అండమాన్ ఫ్లైట్ టికెట్లు చేతికి రాగానే మనం చేసే పని హోటల్ ఫొటోలు చూడడం. పూల్ ఉందా, బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుందా, టిఫిన్ ఇస్తారా, ఇవే చూస్తాం. వాటికంటే ముందు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆ రూము ద్వీపానికి ఏ పక్కన ఉంది? ఆ పక్క సముద్రంలో దిగడానికి నీళ్లు ఏ వేళకు ఉంటాయి? ఫెర్రీ ఆగే జెట్టీ ఎంత దూరం? ఇవి చూసుకోకుండా డబ్బు కట్టేస్తే, రూము ఎంత బాగున్నా సెలవు సగం ఆటోల్లోనే గడుస్తుంది.

ముందు పేర్లు చెప్పేస్తాను, లేకపోతే బుకింగ్‌లో తికమక పడతారు. 2018 డిసెంబరులో హావ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్‌గా, నీల్‌ను షహీద్ ద్వీప్‌గా మార్చారు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. జనం నోట పాత పేర్లు ఇంకా ఆడుతున్నాయి కాబట్టి ఈ వీడియోలో నేనూ అవే వాడతాను. మొదటిసారి వెళ్లేవాళ్లు ఎక్కువమంది ఈ మూడు చోట్లే ఉంటారు. అందుకని మీ చేతిలో ఉన్న రాత్రులను ఈ మూడింటికీ ఎలా పంచాలో చూద్దాం.

[తెరపై: గడియారం, పక్కన విజయవాడ, పోర్ట్ బ్లెయిర్ రేఖాంశాలు]

అండమాన్‌లోనూ మన గడియారమే. కానీ పోర్ట్ బ్లెయిర్ విజయవాడకు దాదాపు 12 డిగ్రీలు తూర్పున ఉంది. అంటే అక్కడ సూర్యుడు మనకంటే సుమారు ముప్పావు గంట ముందే ఉదయిస్తాడు, ముందే అస్తమిస్తాడు. డిసెంబరు, జనవరి నెలల్లో సాయంత్రం ఐదు దాటితే వెలుతురు తగ్గిపోతుంది, ఆరుకల్లా పూర్తి చీకటి. మన ఊళ్లో లాగా మధ్యాహ్నం భోంచేసి, ఓ కునుకు తీసి, నాలుగున్నరకు బీచ్‌కి బయలుదేరదామంటే కుదరదు. పొద్దున ఐదున్నరకు లేచేవాళ్లకు మాత్రం రోజు చాలా పొడుగు. పిల్లలతో వెళ్లేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు, రూము నుంచి బీచ్‌కి ఎంత దూరమన్న ప్రశ్న ఎంత ముఖ్యమో అర్థమవుతుంది.

[తెరపై: హావ్‌లాక్ మ్యాప్. జెట్టీ, బజారు, విజయ్‌నగర్, కాలాపత్థర్, రాధానగర్ గుర్తులు]

ఇప్పుడు హావ్‌లాక్. ఎక్కువసేపు దీని దగ్గరే ఆగుతాను, ఎందుకంటే ఎక్కువమంది డబ్బు ఖర్చయ్యేదీ, ఎక్కువమంది నిరాశపడేదీ ఇక్కడే.

ఈ ద్వీపం విస్తీర్ణం సుమారు 92 చదరపు కిలోమీటర్లు. అందులో చాలా భాగం అడవి, జనం ఉండేది ఉత్తరం వైపు. ఇక్కడ ఊళ్లను నంబర్లతో పిలుస్తారు. ఫెర్రీ దిగగానే జెట్టీ. అక్కణ్నుంచి కాస్త దూరం వెళ్తే మూడో నంబరు, అదే బజారు. కూరగాయలు, మందుల షాపు, భోజనం హోటళ్లు అన్నీ అక్కడే. బజారు దగ్గర రోడ్డు రెండుగా చీలుతుంది. ఒకటి తూర్పు తీరం వెంట ఐదో నంబరు విజయ్‌నగర్ మీదుగా కాలాపత్థర్ దాకా వెళ్తుంది. రెండోది ద్వీపాన్ని అడ్డంగా దాటి పడమటి ఒడ్డున ఉన్న ఏడో నంబరుకు, అంటే రాధానగర్‌కు వెళ్తుంది. జెట్టీ నుంచి విజయ్‌నగర్ ఐదు కిలోమీటర్లు, రాధానగర్ పన్నెండు కిలోమీటర్ల చిల్లర.

హోటళ్లలో ఎక్కువ భాగం తూర్పు ఒడ్డునే ఉన్నాయి. ఫొటోల్లో మీరు చూసే లేత నీలం నీళ్లు, నీళ్లమీదికి వంగిన చెట్లు, అవి కూడా ఈ ఒడ్డువే. ఆ ఫొటోలు నిజమైనవే, సందేహం లేదు. కాకపోతే అవన్నీ పోటు వేళ తీసినవి.

[తెరపై: ఒకే చోటు, రెండు వేళలు. పోటులో నిండిన ఒడ్డు, ఆటులో బయటపడిన రాళ్లు]

సముద్రం రోజుకు రెండుసార్లు పొంగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. పోటుకూ ఆటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు. తూర్పు ఒడ్డున నేల చాలా దూరం వరకూ లోతు లేకుండా పరుచుకుని ఉంటుంది. అందుకే ఆటు వచ్చిందంటే నీళ్లు ఎక్కడో వెనక్కి వెళ్లిపోతాయి. రాళ్లు, చచ్చిన పగడాల ముక్కలు, బురద కలిసిన ఇసుక బయటపడతాయి. అందులో నడిస్తే కాళ్లు గీసుకుపోతాయి, ఈత మాట సరేసరి. బీచ్ ఫ్రంట్ కాటేజీకి రెట్టింపు ఇచ్చినవాళ్లు మధ్యాహ్నం తలుపు తీసి, నీళ్లేవని అడిగేది ఈ వేళలోనే. హోటల్ వాళ్లు మోసం చేశారనుకుంటారు. ఆ తీరం తీరే అంత.

దీనికి మన ఇంట్లోనే మంచి సాధనం ఉంది: గోడమీద తెలుగు క్యాలెండర్. పౌర్ణమికీ అమావాస్యకూ ఆటుపోట్ల తేడా ఎక్కువ. నీళ్లు బాగా నిండుతాయి, బాగా వెనక్కీ పోతాయి. అష్టమి చుట్టుపక్కల రోజుల్లో ఆ తేడా తక్కువ. తూర్పు ఒడ్డున ఉండేవాళ్లు అష్టమి వైపు తేదీలు దొరికితే చూసుకోండి. ఇంకో సంగతి, పోటు వేళ రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. ఇవాళ పొద్దున తొమ్మిదికి నీళ్లు నిండితే రేపు పది దగ్గర పడుతుంది. పోర్ట్ బ్లెయిర్ ఆటుపోట్ల పట్టికలు నెట్‌లో దొరుకుతాయి. మీ తేదీలు పెట్టి ముందే చూసి, ఏ రోజు ఏ వేళ నీళ్లలో దిగాలో రాసి పెట్టుకోండి. పిల్లలకు ఈత నేర్పాలనుకునే అమ్మానాన్నలకు ఈ పని మరీ అవసరం.

[తెరపై: రాధానగర్ బీచ్, సాయంకాలం]

మరి పడమటి ఒడ్డున రాధానగర్‌లోనే ఉండొచ్చు కదా అంటారు. ఉండొచ్చు. మెత్తని ఇసుక, పొడవైన తీరం, వెనకంతా ఎత్తైన అడవి. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోనే ఉత్తమ బీచ్ అని రాసింది, 2020లో శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఇక్కడ ఆటులోనూ నీళ్లలో దిగొచ్చు, సూర్యాస్తమయం కళ్లెదురుగా కనిపిస్తుంది. కానీ దగ్గర్లో రూములు తక్కువ, ఉన్నవాటిలో ఖరీదైనవే ఎక్కువ. చీకటి పడ్డాక తిండికి మీ రిసార్టే దిక్కు. బజారుకు రావాలంటే అడవి మధ్య రోడ్డు మీద ద్వీపం దాటాలి. పొద్దున స్కూబా ఉంటే మళ్లీ ఇటే రావాలి, ఎందుకంటే డైవింగ్ షాపులు ఎక్కువగా తూర్పు ఒడ్డున, మూడో నంబరుకూ ఐదో నంబరుకూ మధ్యే ఉన్నాయి. ఇదే ద్వీపంలో ఉన్న ఎలిఫెంట్ బీచ్‌కి వెళ్లే పడవలూ జెట్టీ దగ్గర నుంచే బయలుదేరతాయి.

కొత్తగా పెళ్లయి, ఏ తొందరా లేకుండా రెండు రోజులు ఒకేచోట ఉండాలనుకునే జంటకైతే, చేతిలో డబ్బుంటే, రాధానగర్ తీసుకోమంటాను. పిల్లలు, స్కూబా, ఎలిఫెంట్ బీచ్ అన్నీ కావాలనుకునే కుటుంబానికి మాత్రం నా ఓటు తూర్పు ఒడ్డుకే. అదీ బజారుకూ విజయ్‌నగర్‌కూ మధ్య. పొద్దున సూర్యోదయం మీ ఒడ్డునే చూస్తారు. మధ్యాహ్నం రెండున్నరకల్లా స్కూటీ మీదో ఆటోలోనో రాధానగర్ చేరి, పొద్దు గుంకేదాకా అక్కడే ఉండి రండి. ఆటో అతనితో రానూపోనూ, ఆగేదానికీ కలిపి ముందే మాట్లాడుకోండి. చీకటి పడ్డాక అక్కడ బండి వెతుక్కోవడం కష్టం.

బీచ్ ఫ్రంట్ మీద రెట్టింపు డబ్బు పెట్టకండి అని కూడా చెప్తాను. రోడ్డుకు ఆ పక్కన, నడిచి ఐదు నిమిషాల్లో ఉండే రూము తీసుకుని, మిగిలిన డబ్బుతో ఇంట్లో ఇంకొకళ్లు స్కూబా చేస్తే నాకు సంతోషం.

ఒక జాగ్రత్త. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లున్నాయి. 2010లో రాధానగర్ చివరనున్న నీల్స్ కోవ్ దగ్గర మొసలి దాడిలో ఒక అమెరికన్ పర్యాటకురాలు చనిపోయారు. కాలువలు సముద్రంలో కలిసే చోట్ల, మడ అడవుల పక్కన నీళ్లలో దిగొద్దు. హెచ్చరిక బోర్డు ఉన్నచోట, లైఫ్‌గార్డ్ వద్దన్నచోట వాదన పెట్టుకోవద్దు. హోటల్ వెనక కాలువ ఎంత అందంగా ఉన్నా పిల్లల్ని అటు వదలొద్దు.

[తెరపై: నీల్ ద్వీపం మ్యాప్. భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్]

నీల్ చాలా చిన్నది, 14 చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు. ఇక్కడ ఏ బీచ్ దగ్గర ఉన్నా మిగతావి పది, పదిహేను నిమిషాల దూరమే, కాబట్టి ఎంపిక పెద్ద కష్టం కాదు. జెట్టీ పక్కనే భరత్‌పూర్. పడమట లక్ష్మణ్‌పూర్, సూర్యాస్తమయానికి. తూర్పు చివర సీతాపూర్, సూర్యోదయానికి. రామాయణం పేర్లు వింటుంటే మన పక్కఊరికి వచ్చినట్టే ఉంటుంది. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ వరి, కూరగాయలు పండిస్తున్నాయి. నేల చదునుగా ఉంటుంది, హడావుడి తక్కువ. అమ్మమ్మనో తాతయ్యనో వెంట తీసుకెళ్తుంటే హావ్‌లాక్‌లో ఒక రాత్రి తగ్గించి ఇక్కడ పెంచండి. రూము భరత్‌పూర్, బజారు వైపు చూడండి. సామాను మోసే దూరం తగ్గుతుంది, తిండి దగ్గర్లో ఉంటుంది. సహజంగా ఏర్పడిన రాతి వంతెన మాత్రం ఆటు వేళే చూడాలి, రాళ్ల మీద నడవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను బలవంతం చేయకండి. నగదు కొంచెం ఎక్కువే దగ్గరుంచుకోండి, నెట్‌వర్క్‌ను నమ్ముకుని ఫోన్‌పేతోనే బయలుదేరొద్దు.

[తెరపై: పోర్ట్ బ్లెయిర్, అబర్డీన్ బజార్ గడియార స్తంభం]

పోర్ట్ బ్లెయిర్‌లో రూము అబర్డీన్ బజార్ చుట్టుపక్కలే తీసుకోండి. సెల్యులార్ జైలు దగ్గర. రాస్ ద్వీపానికి, నార్త్ బేకి వెళ్లే పడవల రేవు దగ్గర. ఎయిర్‌పోర్టు కూడా కొద్ది కిలోమీటర్లే. పెద్దవాళ్లకు ఇడ్లీ, దోసె, అన్నం వెతుక్కోకుండానే దొరుకుతాయి. 2011 జనాభా లెక్కల్లో ఈ ద్వీపాల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. ఆటోలోనో చేపల బజారులోనో శ్రీకాకుళం యాస వినపడితే పలకరించండి. ఏ హోటల్లో కూర బాగుంటుందో, సముద్రం రేపు ఎలా ఉంటుందో వాళ్లు చెప్పినంత కచ్చితంగా ఏ యాప్ చెప్పదు.

నగరానికి దగ్గర్లో ఉన్న బీచ్ కార్బిన్స్ కోవ్. సముద్రం కోసమే అయితే అక్కడ ఉండాల్సిన పని లేదు, ఎలాగూ హావ్‌లాక్ వెళ్తున్నారు. వండూర్ వైపు ప్రశాంతంగా ఉంటుంది కానీ ఊరికి పాతిక కిలోమీటర్లపైన. జాలీ బాయ్ ద్వీపానికి పడవ అక్కణ్నుంచే కాబట్టి, అది చూడడమే ముఖ్యమనుకునేవాళ్లు ముందురోజు రాత్రి అక్కడ ఉండొచ్చు.

బారాటాంగ్ ద్వీపంలోని సున్నపురాయి గుహలు చూడాలంటే పోర్ట్ బ్లెయిర్ నుంచి తెల్లవారుజామున నాలుగు లోపే బయలుదేరాలి. జిర్కాటాంగ్ చెక్‌పోస్ట్ నుంచి బళ్లన్నీ కాన్వాయ్‌గా వెళ్తాయి. దారి జరావా ఆదివాసులుండే అడవిలోంచి. అక్కడ బండి ఆపడం, ఫొటో తీయడం నేరం. దయచేసి కిటికీలోంచి కూడా ఫోన్ ఎత్తకండి. వాళ్ల ఇంటిగుండా మనం వెళ్తున్నాం.

[తెరపై: ఫెర్రీ, రూట్ గీత. పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్, పోర్ట్ బ్లెయిర్]

రాత్రులు పంచడం ఇలా. ఐదు రాత్రులుంటే హావ్‌లాక్‌లో రెండు, నీల్‌లో ఒకటి, పోర్ట్ బ్లెయిర్‌లో రెండు. ఆ రెండింటిలో ఒకటి తప్పనిసరిగా చివరి రాత్రి కావాలి. పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కు ప్రైవేటు ఫెర్రీలో గంటన్నర, రెండు గంటలు. గాలి, అలలు పెరిగితే ఫెర్రీలు ఆపేస్తారు. వానాకాలంలో, తుపాను రోజుల్లో ఇది మామూలే. చివరి రాత్రి నీల్‌లో ఉండి, పొద్దున ఫెర్రీ దిగి మధ్యాహ్నం ఫ్లైట్ ఎక్కుతామనుకుంటే, ఒక్క ఫెర్రీ రద్దయిందంటే కుటుంబం మొత్తానికి కొత్త టికెట్లు కొనాలి. ట్రావెల్ ఏజెంట్ ప్యాకేజీలో అలా ఉంటే మార్చమని గట్టిగా అడగండి.

అలాగే రూము కంటే ముందు ఫెర్రీ సీట్లు చూడండి. సెలవుల్లో అవే ముందు నిండిపోతాయి, అప్పుడు రూము ఉండీ లాభం లేదు. ఫ్లైట్ పొద్దున్నే దిగేట్టయితే అదే రోజు మధ్యాహ్నం ఫెర్రీకి హావ్‌లాక్ వెళ్లిపోవచ్చు. మధ్యాహ్నం దిగితే తొందరపడకుండా ఆ రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండి జైలు చూడండి.

డబ్బు కట్టేముందు హోటల్‌కు ఫోన్ చేసి అడగండి. మీ ముందున్న ఒడ్డున ఫలానా తేదీన నీళ్లు ఎన్ని గంటలకు నిండుతాయి? కరెంటు పోతే ఏసీకి జనరేటర్ ఉందా? జెట్టీకి బండి పంపుతారా, దానికి విడిగా తీసుకుంటారా? పొద్దున ఆరింటి ఫెర్రీ అయితే టిఫిన్ కట్టిస్తారా? మొదటి ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పారంటే వాళ్లకు ఆ ఒడ్డు బాగా తెలుసు, ధైర్యంగా బుక్ చేసుకోండి.