కనుబొమల మధ్య గీతలకు బొటాక్స్: నాలుగు నెలలు వాడిన టైలర్ రివ్యూ

నమస్తే అక్కా, నమస్తే చెల్లీ. ఈ రోజు టేబుల్ మీద గుడ్డ లేదు, కత్తెర లేదు. రివ్యూ నా మొహానికే.

ఇదిగో, లైటు దగ్గరికి వస్తున్నా, చూడండి. కనుబొమల మధ్య ఇక్కడ, పాత వీడియోల్లో పదకొండు అంకె వేసినట్టు రెండు నిలువు గీతలు ఉండేవి. ఇరవై ఏళ్లుగా సూదిలో దారం ఎక్కిస్తూ, నల్ల గుడ్డ మీద నల్ల కుట్టు విప్పుతూ మొహం చిట్లించీ చిట్లించీ వచ్చినవి. కొత్తగా కొలతలిద్దామని వచ్చిన వాళ్లు ‘అక్క కోపంగా ఉందా?’ అని షాపులో పిల్లని మెల్లగా అడిగేవాళ్లు. ఆ గీతలకే ఇక్కడే కర్నూలులో, స్కిన్ డాక్టర్ దగ్గర బొటాక్స్ చేయించుకున్నా.

ఎట్లా పనిచేస్తుందో మన కుట్టుపని భాషలో చెప్తా. కుచ్చు కోసం పెద్ద కుట్టు వేసి దారం లాగుతాం కదా? లాగితే ముడత, వదిలితే గుడ్డ సాఫు. చర్మం గుడ్డ అనుకోండి, కింద కండరం ఆ దారం. కండరం బిగుసుకోవాలంటే నరం చివర నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం రావాలి. బొటాక్స్ దాన్ని బయటికి రానివ్వదు. దారం వదులైపోతుంది, అంతే. చర్మాన్ని నింపదు, సాగదీయదు.

పేరు వింటే భయమే. తిండిని విషం చేసే బాక్టీరియా నుంచి వచ్చిందే బొటాక్స్‌లో ఉండే ఈ బొటులినమ్ అనే మందు. మందుగా వాడేది చాలా చాలా తక్కువ మోతాదు. అమెరికాలో 1989లోనే మెల్లకన్నుకు, రెప్పలు బిగుసుకుపోయే జబ్బుకు అనుమతి వచ్చింది. కెనడాలో జీన్ కారుథర్స్ అనే కంటి డాక్టర్ దగ్గర రెప్పల జబ్బుకు ఇది వేయించుకునే ఒకావిడకి నుదుటి గీతలు పోయాయట. ఆమె భర్త అలస్టెయిర్ స్కిన్ డాక్టర్. ఇద్దరూ కలిసి 1992లో దాని మీద పేపర్ రాశారు. కనుబొమల గీతలకు అమెరికా అనుమతి 2002లో.

ఇక సూది రోజు. డాక్టర్ ‘బాగా కోపంగా చూడండమ్మా’ అన్నారు. నాకు అది నేర్పాల్సిన పనా! కండరం ఉబ్బిన చోటల్లా తెల్ల పెన్సిల్‌తో చుక్క పెట్టారు, మనం గుడ్డ మీద సుద్దతో గుర్తు పెట్టినట్టే. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలో మొదట ఏమీ లేదనిపించింది. అడుగున పల్చటి పొర, అదే మందు. అందులో సెలైన్ కలిపి ఐదు చోట్ల, ఒక్కో చోట 4 యూనిట్లు, మొత్తం 20. మన సూది వేలికి దిగితే ఉండే నొప్పి కంటే తక్కువే. దోమ కుట్టినట్టు ఐదు దద్దుర్లు వచ్చి కాసేపటికే తగ్గాయి. నాలుగు గంటలు పడుకోవద్దు, అక్కడ రుద్దవద్దు అన్నారు.

మొదటి రెండు రోజులు డబ్బులు పోయాయనే అనుకున్నా. నాలుగో రోజు అద్దంలో చిట్లిద్దామంటే కనుబొమలు కదల్లేదు! రెండు వారాలకి పూర్తి ఫలితం. ఒక గీత పూర్తిగా పోయింది. రెండోది వెంట్రుకంత మిగిలింది. ఏళ్ల తరబడి ఒకే మడతలో పెట్టిన పట్టుచీరని విప్పినా మడత గుర్తు పోదు చూడండి, అట్లాంటిది. బుగ్గల మీద సన్న గీతలు అయితే ఎక్కడివక్కడే. ఎండకి, చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే కొలాజెన్ దెబ్బతిని వచ్చినవి అవి. లాగే దారమే లేనప్పుడు వదులు చేసేదేముంది? మన కర్నూలు ఎండకి సన్‌స్క్రీన్, స్కూటీ మీద కూలింగ్ గ్లాసులు, ఇవే మందు.

పొరపాటు కూడా చెప్పాలి. నెల తర్వాత ఆశ పుట్టి, ఆఫర్ ఉందని ఇంకో చోట నుదుటి అడ్డగీతలకు వేయించుకున్నా. పేరు చెప్పను. కనుబొమల్ని పైకి లేపేది నుదుటి కండరమే. సూది కిందికి దించి వేశారు, కనుబొమలు బరువెక్కి దిగిపోయాయి. ఆరు వారాలు నిద్రమొహంతో మిషన్ తొక్కాను. విరుగుడు లేదు, దానంతట అదే తగ్గాలి. అందుకే ఏ బ్రాండ్, ఎన్ని యూనిట్లు, సీసా మీ ముందు తెరుస్తారా అని అడగండి. విసుక్కుంటే లేచి వచ్చేయండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మయస్తీనియా లాంటి కండరాల జబ్బు ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు. ఫిల్లర్ అంటే ఇది కాదు, అది గుంటల్ని నింపే జెల్. రక్తనాళంలోకి పోతే చూపే పోవచ్చు. కామెంట్లలో రెండూ కలిపేస్తున్నారు.

రేటు అడుగుతారు. పెళ్లిళ్ల సీజన్‌లో నా రెండు వారాల కుట్టుకూలి. ఉండేది మూడు నాలుగు నెలలే.

మొన్న ఒకామె రేపు పెళ్లని ఈ రోజు సాయంత్రం బ్లౌజ్ గుడ్డ పట్టుకొచ్చింది. పదకొండు అంకె మళ్లీ పడింది. పిల్ల ‘అక్కా, వచ్చేసింది!’ అని నవ్వు. కనుబొమల మధ్య మళ్లీ వేయించుకుంటా, సీజన్ డబ్బులు చేతికొచ్చాక. నుదుటికి మాత్రం ఎవరు ఆఫరిచ్చినా వద్దు. సోమవారం వీడియోలో ప్రిన్సెస్ కట్, మీటర్ గుడ్డ రెడీగా పెట్టుకోండి.