వేరు ముందా, మొగ్గ ముందా?

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో యాపిలా అని నవ్వేవాళ్లు ఉంటారు. మన ఆసిఫాబాద్ జిల్లా ధనోరాలోనే కాసింది కదా, ఆ వాదన వదిలేద్దాం. ఇవాళ్టి మాట కాయ గురించి కాదు, అంటు కింద ఉండి వేళ్లిచ్చే మొక్క, అంటే రూట్‌స్టాక్ గురించి.

యాపిల్ గింజ నాటితే తల్లి పోలిక రాదు. అందుకే రూట్‌స్టాక్‌ను కొమ్మ నుంచే పెంచాలి. ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మాలింగ్ కేంద్రం నుంచి వచ్చిన రకాల్లో ఎం9 కటింగ్, అంటే వేరు కోసం నాటే కొమ్మ ముక్క, మహా మొండిది, కొత్తవాళ్లు దాని జోలికి పోకండి. ఎంఎం106 నయం. దాని కొమ్మల మొదట్లో బుడిపెలుంటాయి, వేరు పుట్టేది అక్కడే. కాకపోతే నీళ్లు నిలిచే నల్లరేగడిలో దాని మొదలు కుళ్లుతుంది. మన ఎర్రమట్టి కుండీకి ఆ భయం తక్కువ.

ఏటా గట్టిగా కత్తిరించే తల్లి మొక్క నుంచి, ఆ ఏడాదే పెరిగిన పెన్సిల్ లావు కొమ్మ తీసుకోండి. చివర వద్దు, మొదలు భాగమే కావాలి. వేరు పుట్టించే హార్మోన్ ఐబీఏ పొడి నీళ్లలో సరిగా కరగదు. 250 మిల్లీగ్రాములు ముందు 50 మిల్లీలీటర్ల ఆల్కహాల్‌లో కరిగించి, నీళ్లతో 100 మిల్లీలీటర్లు చేయండి. కొమ్మ అడుగు ఒక సెంటీమీటరు మేర అయిదు సెకన్లు ముంచితే చాలు. ఎక్కువసేపు ఉంచితే అడుగు మాడిపోతుంది.

ఇక అసలు చిక్కు. చలిదేశాల్లో కొమ్మ అడుగున 20 డిగ్రీల వెచ్చదనం ఇస్తారు, పైభాగాన్ని చల్లగాలికి వదిలేస్తారు. కింద వేరు పుడుతుంది, పైన మొగ్గ నిద్రపోతుంది. మనకు వెచ్చదనానికి కరువు లేదు, చల్లదనమే లేదు. వేరు రాకముందే మొగ్గ విచ్చుకుంటుంది. ఆకులు చూసి మనం మురిసిపోతాం, అవేమో కొమ్మలో దాచుకున్న తిండంతా తినేస్తాయి. రెండు వారాల్లో కొమ్మ ఎండిపోతుంది.

కాబట్టి కొమ్మల్ని తడిగుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో కొన్ని వారాలు ఉంచండి. పక్కన పండ్లు మాత్రం పెట్టొద్దు. మాగే పండు వదిలే ఇథిలీన్ మొగ్గల్ని చంపేస్తుంది. ఇంట్లో వాళ్లతో ఈ ఒప్పందం ముందే చేసుకోండి! తర్వాత డిసెంబర్ ఆఖరులోనో జనవరిలోనో ఇసుక, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కలిపిన కుండీలో నాటి, ఎండ పడని ఉత్తరపు గోడ పక్కన పెట్టండి. మార్చిలో మొదలుపెడితే శ్రమ వృథా.

ఆకు వచ్చింది కదా అని కొమ్మ లాగి చూడకండి, లేత వేర్లు తెగుతాయి. కుండీ అడుగు కన్నంలోంచి తెల్లటి వేరు కనబడేదాకా ఆగండి. ఆ మొక్క ఏపుగా పెరిగాక, వచ్చే చలికాలంలో దానిమీద హెచ్‌ఆర్‌ఎంఎన్-99, అన్నా లాంటి తక్కువ చలి సరిపోయే యాపిల్ రకాలు అంటు కట్టుకోవచ్చు. ఎంఎం106 కొమ్మలు కావాల్సినవాళ్లు బయట టేబుల్ దగ్గర పేరు రాయించండి.