మా నాయన బ్లాక్ ఏమైంది?

(ప్రపంచ హెపటైటిస్ దినం నాడు అనంతపురంలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చెప్పి మొదలుపెట్టడం మర్యాద. కానీ నాకిచ్చింది ఇరవై నిమిషాలు, పెద్దలు మన్నించాలి. కళ్యాణదుర్గం, ఉరవకొండ వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన అక్కలకూ అన్నలకూ మాత్రం ఇంకోసారి దండం పెడుతున్నాను.

కరపత్రంలో నా అంశం ‘కాలేయ క్యాన్సర్ మూలకణాల గుర్తులు, జబ్బు పోకడ’ అని వేశారు. నేను పాథాలజీ డాక్టర్ని. రోగి నాడి పట్టుకునే పని నాది కాదు. ఆపరేషన్‌లో తీసిన ముక్కను మైక్రోస్కోప్ కింద పెట్టి చూడటం నా పని.

మన ఇళ్లలో బుడ్డలు, అదే వేరుశనగ కాయలు, ఒలిచేది మీ అందరికీ తెలుసు. విత్తే కాలం దగ్గర పడితే మా అమ్మ వసారాలో గంప ముందు కూర్చునేది. తొక్క చిట్లనిది, ముడత లేనిది, నిండుగా ఉన్నది ఇత్తనానికి. మిగతాది అమ్మకానికి. ముడుచుకుపోయినవి, నల్లబడినవి ఇంకో కుప్ప. నాకు ఎనిమిదేళ్లప్పుడు అన్నీ ఒకటే మాదిరి కనిపించేవి. అమ్మ వేళ్లు మాత్రం ఇట్టే పట్టేవి, ఏది మొలుస్తుందో ఏది మొలవదో.

క్యాన్సర్ గడ్డ కూడా అట్లాంటి గంపే. కోట్ల కణాలుంటాయి, అన్నిటికీ కొత్త గడ్డను మొలిపించే శక్తి ఉండదు. కొన్నిటికే ఉంటుంది. వాటినే క్యాన్సర్ మూలకణాలంటున్నారు. టొరంటోలో జాన్ డిక్ బృందం 1994లో రక్త క్యాన్సర్‌లో ఈ సంగతి చూపించింది. కాలేయం వంతు ఆ తర్వాత వచ్చింది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో షిన్ వే వాంగ్ బృందం 2009లో, ఎప్‌క్యామ్ అనే గుర్తు, అంటే కణం మీద ఉండే ఒక ప్రోటీన్, ఉన్న కణాలను వేరు చేసి ఎలుకల్లో పెడితే, రెండు వందల కణాలతోనే గడ్డ మొలిచింది. రెండు వందలు! సూది మొన మీద పట్టేటన్ని.

ఎప్‌క్యామ్, సీడీ 133, సీడీ 90, కెరాటిన్ 19, ఇట్లా చాలా పేర్లున్నాయి. పేర్లు గుర్తుపెట్టుకోనవసరం లేదు. ఒక్కటి గమనించండి. ఎప్‌క్యామ్ పెద్దవాళ్ల మామూలు కాలేయ కణాల మీద ఉండదు. తల్లి కడుపులో ఉన్న బిడ్డ కాలేయంలో ఉంటుంది. కాలేయ క్యాన్సర్ అనుమానం ఉంటే ఏఎఫ్‌పీ అని రక్తపరీక్ష రాస్తారే, ఆ ప్రోటీన్ కూడా కడుపులోని బిడ్డ కాలేయం చేసేదే. 1963లో మాస్కోలో గారీ అబెలెవ్ కాలేయ గడ్డ ఉన్న ఎలుకల రక్తంలో దాన్ని పట్టుకున్నాడు. అంటే ఈ కణాలు పసితనపు ఉరవడిని మళ్లీ తెచ్చుకున్నాయన్నమాట. ఎప్‌క్యామ్, ఏఎఫ్‌పీ రెండూ ఉన్న గడ్డలు, కెరాటిన్ 19 ఉన్న గడ్డలు ఆపరేషన్ తర్వాత తొందరగా తిరగబెడతాయనీ, ఆ రోగులు తక్కువకాలం బతుకుతున్నారనీ ఒక దేశంలో కాదు, చాలా దేశాల్లో చూశారు.

ఇక్కడ నేను స్లయిడ్లు చూపించాలి. చూపించను. మా నాయన సంగతి చెప్పాలి.

2009లో మా నాయనకు కాలేయంలో గడ్డ అన్నారు. ఒక పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు. రెండెకరాలు అమ్మాము. సర్జన్ బయటికొచ్చి, “మొత్తం తీసేశామమ్మా, అంచులు కూడా శుభ్రంగా ఉన్నాయి, ఏడాదికి వచ్చి చూపించుకోండి” అన్నారు. మా అమ్మ ఆయన కాళ్లకు మొక్కబోయింది. పద్నాలుగు నెలలకు కడుపు ఉబ్బింది. స్కాన్‌లో నాలుగు చోట్ల గడ్డలు. అమ్మ నన్ను ఒకటే మాట అడిగింది: “అంతా తీసేశామన్నారు కదమ్మీ, మళ్లా యాడ నుంచి వచ్చింది?”

నేనప్పుడు ఎండీ చదువుతున్నాను. జవాబు చెప్పలేకపోయాను. నాయన పోయిన తర్వాత, ఆ జవాబు ఎక్కడుందో నాకు తట్టింది: ఆయన బ్లాక్‌లో. తీసిన ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, కరిగించిన పారఫిన్ మైనం పోసి దిమ్మ కట్టిస్తాం. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. దాన్నే బ్లాక్ అంటాం. చల్లగా, పొడిగా ఉండే బీరువాలో పెడితే ఏళ్ల తరబడి చెడదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు పలచగా కోసి, రంగు వేసి, ఏ గుర్తు ఉందో చూడొచ్చు. ఆ ఆసుపత్రికి వెళ్లాను. ఒక గదిలో నుంచి ఇంకో గదికి తిప్పారు. చివరికి ఒకాయన, “చోటు లేక పాతవి తీసేశాం” అన్నాడు. మూడేళ్లు కూడా కాలేదు. మా నాయన ఒంట్లో నుంచి తీసింది, మా రెండెకరాల ఖరీదైంది, చోటు లేక తీసేశారు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోంచి పోలేదు.

ఇంకో మాట కూడా పోలేదు. దినాల రోజు మా ఊళ్లోనే ఒకరు, “బాగా తాగేవాడేమో, కాలేయం పోయింది” అన్నారు. మా నాయన చుక్క ముట్టిన మనిషి కాదు. ఆయనకున్నది హెపటైటిస్ బి, వైరస్ వల్ల వచ్చే కాలేయ జబ్బు. కాలేయ జబ్బు అనగానే తాగుబోతు అని ముద్ర వేయకండి, దయచేసి. ఆ ముద్రకు భయపడి ఎంతమంది పరీక్షకే రావడం లేదో నేను చూస్తున్నాను. మా అమ్మ బుడ్డలు ఏరేటప్పటి ఆ మూడో కుప్ప గుర్తుందా? ముడుచుకుపోయినవి, నల్లబడినవి? మంచివి ఇత్తనానికీ అంగడికీ పోయేవి. ఊరిబిండి పచ్చడిలోకి ఆ కుప్ప వచ్చేది. పంట చివర్లో వాన ఎగ్గొడితే బుడ్డల్లో బూజు చేరి అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. మన జిల్లాలో వాన ఎగ్గొట్టని ఏడాది ఎన్ని? హెపటైటిస్ బి ఉన్న ఒంట్లోకి ఆ విషం పోతే ముప్పు రెండింతలు కాదు, ఎన్నో రెట్లు పెరుగుతుందని షాంఘైలో 1992లోనే తేల్చారు. బూజు వాసన వచ్చేవి, రంగు మారినవి పారేయండి అక్కా. పప్పుండల్లో కూడా వేయొద్దు.

మళ్లీ గుర్తుల దగ్గరికొస్తా. నేను ఎక్కువ ఆశ పెట్టి పంపను. ఎప్‌క్యామ్ ఉంటే ఈ మందు, లేకుంటే ఆ మందు అని ఇవాళ ఎవరూ రాయలేరు. వైద్యం ఇప్పటికీ గడ్డలెన్ని, ఎంత సైజు, మిగతా కాలేయానికి సత్తా ఎంత, మనిషికి ఓపిక ఎంత అన్నదాన్ని బట్టే నడుస్తుంది. గుర్తు ఎంత శాతం కణాల్లో ఉంటే ‘ఉంది’ అనాలో కూడా ల్యాబు ల్యాబుకూ తేడా. పైగా కాలేయం గట్టిపడిన రోగికి చాలావరకు స్కాన్‌లోనే క్యాన్సర్ తేలిపోతుంది, ముక్క తీయరు. ముక్క లేకపోతే నాలాంటి వాళ్లకు చూడటానికేమీ ఉండదు. ఆపరేషన్ అయినవాళ్లకు మాత్రం ముక్క ఉంది. అది చెప్పగలిగింది ఎందుకు వినకూడదు? మా నాయన గడ్డ మొండి రకమని తెలిసుంటే ‘ఏడాదికి రండి’ అన్న మాట మేం ఒప్పుకునేవాళ్లం కాదు. మూడు నెలలకోసారి స్కాన్ చేయించేవాళ్లం. ఆపరేషన్ అయిన పదిమందిలో ఏడుగురి దాకా ఐదేళ్లలోపు తిరగబెట్టే జబ్బు ఇది. నాలుగు గడ్డలై కనిపించడానికీ, ఒకటిగా ఉన్నప్పుడే కనిపించడానికీ తేడా ఎంతో ఈ హాల్లో ఉన్న డాక్టర్లను అడగండి.

అందుకే అడుగుతున్నాను. మీ ఇంట్లో ఎవరికి ఏ గడ్డ తీసినా, డిశ్చార్జి కాగితాలతో పాటు బయాప్సీ రిపోర్టు చేతికి తీసుకోండి. బ్లాక్ నంబరు రాయించుకోండి. బ్లాక్ ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. పట్టాదారు పాసుపుస్తకం పెట్టుకునే పెట్టెలోనే దాన్నీ పెట్టుకోండి. ఇక్కడున్న నా తోటి డాక్టర్లారా, మీ బీరువాల్లో చోటు చేయండి.

మా తమ్ముడు మూడో వరసలో కూర్చున్నాడు, చెప్పడానికి వాడే ఒప్పుకున్నాడు. నాయన పోయాక ఇంటిల్లిపాదికీ పరీక్ష చేయిస్తే వాడికీ హెపటైటిస్ బి తేలింది. రోజుకో మాత్ర, ఆరు నెలలకోసారి స్కాన్. వాడి పిల్లలిద్దరికీ పుట్టిన రోజే టీకా వేయించాం. ఈ టీకాను 1997లో మన హైదరాబాదులోనే శాంతా బయోటెక్ కంపెనీ తయారుచేయడం మొదలుపెట్టింది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రిలో పసిబిడ్డలకు ఉచితం.

గంట కొడుతున్నారు. వరండాలో బల్ల వేయించాను, సాయంత్రం దాకా అక్కడే ఉంటాను. సంచుల్లో పాత రిపోర్టులు తెచ్చుకున్నవాళ్లు అక్కడికి రండి, ఒక్కొక్కటీ చదివి చెబుతాను. బ్లాక్ కోసం అర్జీ రాసివ్వడానికి మా తమ్ముడు కూడా కూర్చుంటాడు.