పొగమంచులో ఐదు నిమిషాలు: బేకర్స్ క్రీక్‌లో పోయిన 40 మంది

నమస్కారం అండి. యుద్ధం మీద వీడియో అనగానే బాంబులు, పోరాటాలు, గెలుపోటములు ఉంటాయనుకుంటాం. ఈ రోజు నేను చెప్పబోయేదాంట్లో శత్రువు లేడు. ఒక్క తూటా కూడా పేలలేదు. సెలవు అయిపోయి డ్యూటీకి తిరిగి వెళ్తున్న కుర్రాళ్లు, ఒక పాత విమానం, తెల్లవారుజాము పొగమంచు, అంతే. ఐదు నిమిషాల్లో 40 మంది పోయారు. ఎలా పోయారో, ఎక్కడ పోయారో వాళ్ల ఇళ్లకు సరిగ్గా చెప్పనే లేదు. నాకు మనసు పట్టేసింది ఆ చెప్పకపోవడం దగ్గరే.

ఒకసారి ఆస్ట్రేలియా పటం గుర్తు చేసుకోండి. ఈశాన్యంలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రం. దాని తీరం వెంబడి చెరకు తోటల మధ్య మకాయ్ అనే ఊరు. అక్కడి నుంచి ఉత్తరంగా సముద్రం మీద దాదాపు 1300 కిలోమీటర్లు వెళ్తే న్యూగినీ ద్వీపం, దాని దక్షిణ తీరంలో పోర్ట్ మోర్స్‌బీ. 1942, 43ల్లో అమెరికా, ఆస్ట్రేలియా సైనికులు జపాన్‌తో తలపడింది ఆ న్యూగినీ అడవుల్లోనే. మోకాలి లోతు బురద, ఆగని వాన, మలేరియా, విరేచనాలు. తూటా తగిలి పడిపోయినవాళ్లకన్నా జ్వరంతో మంచం పట్టినవాళ్లే ఎక్కువ. నెలల తరబడి అక్కడ ఉన్నవాడికి నాలుగు రోజులు ఊపిరి పీల్చుకునే చోటు కావాలి కదా. అందుకే మకాయ్‌లో అమెరికన్ రెడ్‌క్రాస్ ఆధ్వర్యంలో విశ్రాంతి కేంద్రం పెట్టారు. పొడి బట్టలు, శుభ్రమైన పక్క, వేడి వేడి భోజనం, సాయంత్రమైతే డాన్సులు. ఊరివాళ్లు ఆ కుర్రాళ్లను ఇళ్లకు పిలిచి అన్నం పెట్టేవాళ్లు. సెలవు అయిపోగానే మళ్లీ విమానం ఎక్కి న్యూగినీకి.

వాళ్లను తీసుకెళ్లే విమానాల్లో ఒకటి బి-17సి రకం బాంబర్. బి-17 పేరు మీరు వినే ఉంటారు, ఫ్లయింగ్ ఫోర్ట్రెస్ అంటారు, ఎగిరే కోట. కానీ ఇది దాని తొలి రకాల్లో ఒకటి. మొత్తం తయారైనవే 38, అందులో 20 బ్రిటన్‌కు వెళ్లిపోయాయి. తర్వాత వచ్చిన బి-17లకు ఉండే పెద్ద తోక రెక్క దీనికి ఉండదు. 1941 డిసెంబరులో ఫిలిప్పీన్స్ మీద జపాన్ విరుచుకుపడినప్పుడు ఇది పోరులో దెబ్బతింది. ఆ తర్వాత బాంబర్‌గా పనికిరాదని ఆస్ట్రేలియాలో మనుషుల్ని, సరుకుల్ని మోసే విమానంగా మార్చేశారు. దానికి ఒక ముద్దుపేరు ఉండేది: మిస్ ఎవ్రీ మార్నింగ్ ఫిక్సిన్. అంటే ప్రతి పొద్దునా రిపేరు చేస్తే తప్ప కదలనిది అని. ఆ పేరు చదివినప్పుడల్లా నాకు గుండె చివుక్కుమంటుంది. చల్లటి పొద్దున, చేతులకు గ్రీజుతో, ఆ ఇంజన్ల కింద నిలబడిన మెకానిక్ కళ్ల ముందు కనబడతాడు.

1943 జూన్ 14, సోమవారం. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు, ఆరు గంటల వేళ. నేల మీద పొగమంచు. మామూలుగా తొమ్మిది పదిమంది సిబ్బందితో ఎగరడానికి కట్టిన ఆ విమానంలో ఆ రోజు ఎక్కినవాళ్లు 41 మంది. ఆరుగురు సిబ్బంది, 35 మంది ప్రయాణికులు. వెళ్లాల్సింది పోర్ట్ మోర్స్‌బీకి. విమానం లేచింది. తక్కువ ఎత్తులోనే ఒక మలుపు తిరిగింది. ఐదు నిమిషాలు గడిచాయో లేదో, ఊరికి దక్షిణాన ఎనిమిది కిలోమీటర్ల దూరంలో బేకర్స్ క్రీక్ దగ్గర నేలకూలింది.

నలభై మంది చనిపోయారు. ఒక్కడు బతికాడు. ఆస్ట్రేలియా గడ్డ మీద ఈ రోజు వరకూ ఇంతమందిని బలి తీసుకున్న విమాన ప్రమాదం మరొకటి లేదు. రెండో ప్రపంచ యుద్ధం మీద ఆసక్తి ఉన్నవాళ్లలో కూడా చాలామందికి ఈ పేరే తెలియదు. ఆ బతికినవాడు 2004 వరకూ జీవించాడు.

కారణం ఏమిటన్నది దర్యాప్తులో తేలలేదు. అయితే పొగమంచులో, చీకట్లో, తక్కువ ఎత్తులో మలుపు తిరగడం ఎందుకు అంత ప్రమాదమో చెప్తాను, ఎందుకంటే ఆ కాలంలో ఎన్నో విమానాలు ఇలాగే పోయాయి. విమానం పక్కకు ఒరిగి తిరిగేటప్పుడు దాన్ని పైకి ఎత్తి పట్టే బలం కొంత పక్కకు పోతుంది. దాన్ని సరిచేయకపోతే విమానం మెల్లగా కిందికి దిగుతుంది. పగటిపూట అయితే దూరాన నేల, ఆకాశం కలిసే గీత కనబడుతుంది, పైలట్ వెంటనే సర్దుకుంటాడు. పొగమంచులో ఆ గీత ఉండదు. ఇక మన చెవి లోపలి భాగం, బ్యాలన్స్ చూసుకునేది, అదీ మోసం చేస్తుంది. విమానం ఒరిగి ఉన్నా నిటారుగానే ఉన్నట్టు అనిపిస్తుంది. అప్పుడు నమ్మాల్సింది ఎదురుగా ఉన్న మీటర్లను మాత్రమే. ఎత్తు మీద ఉంటే పొరపాటు దిద్దుకోవడానికి టైమ్ ఉంటుంది. వంద మీటర్ల ఎత్తులో ఆ టైమ్ ఎక్కడిది? పైగా బరువు ఎక్కువ, విమానం పాతది.

ఇప్పుడు ఆ నిశ్శబ్దం గురించి.

మర్నాడు మకాయ్ స్థానిక పత్రికలో అమెరికన్ సైనికుడు ఒకరు గాయపడ్డారని మాత్రం వచ్చింది. ఏ ప్రమాదంలోనో లేదు. మిగతా 40 మంది మాటే లేదు. సెన్సార్ ఒప్పుకోదు. ఆస్ట్రేలియాలో అమెరికా దళాలు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎటు వెళ్తున్నాయో శత్రువుకు తెలియకూడదు అన్నది వాళ్ల వాదన. యుద్ధంలో అది తీసిపారేసే వాదన కాదు, ఒప్పుకుంటాను. ఊళ్లో మాత్రం అందరికీ తెలుసు. మొన్న తమ ఇంట్లో భోజనం చేసి వెళ్లిన కుర్రాడు అందులో ఉన్నాడేమో అని ఎంతమంది తల్లడిల్లి ఉంటారో. అయినా పైకి అనకూడదు.

అమెరికాలో ఆ కుటుంబాలకు టెలిగ్రాం వెళ్లింది. నైరుతి పసిఫిక్ ప్రాంతంలో విమాన ప్రమాదంలో మరణించారు అని, ఇంచుమించు అంతే. నైరుతి పసిఫిక్ ప్రాంతం అంటే ఎంతో తెలుసా? ఫిలిప్పీన్స్, న్యూగినీ, ఆస్ట్రేలియా, మధ్యలో ఉన్న సముద్రాలు, అన్నీ కలిపి ఒక పేరు. మన ఇళ్లల్లో ఎవరైనా దూరాన పోయారని ఫోన్ వస్తే మొట్టమొదట అడిగేది ఏమిటి? ఎక్కడ, ఎలా, పక్కన ఎవరున్నారు, ఆఖరికి ఏమన్నాడు అని. అవి తెలిస్తే దుఃఖం తగ్గదు. కానీ ఆ తల్లి మనసుకు నిలబడటానికి కాస్త నేల దొరుకుతుంది. ఈ తల్లులకు అది దొరకలేదు. కొడుకు సముద్రంలో పడ్డాడో, అడవిలో పడ్డాడో, శత్రువు కొట్టాడో తెలియకుండానే చాలామంది కన్నుమూశారు. యుద్ధం 1945లో అయిపోయింది. ఆ తర్వాత కూడా పదిహేనేళ్ల పాటు ఈ ప్రమాదం అధికారికంగా రహస్యంగానే ఉండిపోయింది. అప్పుడు దాచాల్సిన శత్రువు ఎవరు? నేను ఒప్పుకోలేకపోతున్నది ఆ పదిహేనేళ్లను.

దీని పక్కన ఇంకో సంఘటన పెట్టి చూడండి. సరిగ్గా ఒక నెల ముందు, 1943 మే 14న, అదే క్వీన్స్‌లాండ్ తీరానికి దగ్గర్లో సెంటార్ అనే ఆస్ట్రేలియా ఆసుపత్రి ఓడను జపాన్ సబ్‌మెరైన్ ముంచేసింది. 332 మందిలో 268 మంది చనిపోయారు, వాళ్లలో నర్సులు, డాక్టర్లు ఉన్నారు. ఘోరం. ఆ వార్త దేశమంతా మారుమోగింది. నర్సుల కోసం పగ తీర్చుకుందాం అంటూ పోస్టర్లు వేశారు. శత్రువు చంపితే ఆ చావు పోస్టర్ ఎక్కింది. పొగమంచులో కూలిపోయిన చావుకు మాత్రం ఒక వాక్యం కూడా దక్కలేదు. రెండు చోట్లా పోయింది ఎవరో ఒకరి బిడ్డలే.

ఇది ఒక్కటే కాదండి. అదే ఏడాది సెప్టెంబరు 7న, పోర్ట్ మోర్స్‌బీలోని జాక్సన్స్ ఎయిర్‌ఫీల్డ్‌లో తెల్లవారకముందే ఒక బి-24 బాంబర్ టేకాఫ్ తీసుకుంది. నిండా ఇంధనం, బాంబులు. రన్‌వే దాటగానే చెట్టుకు తగిలి కింద పడింది. అది పడ్డ చోట ట్రక్కుల్లో ఆస్ట్రేలియా 2/33వ బెటాలియన్ సైనికులు కూర్చుని ఉన్నారు. యుద్ధానికి వెళ్లే విమానాల కోసం ఎదురుచూస్తున్నారు. మీద మండే పెట్రోలు, ఒంటి మీద తమ మందుగుండే. 62 మంది ఆస్ట్రేలియన్లు, విమానంలోని 11 మంది అమెరికన్లు చనిపోయారు. చాలామంది అక్కడికక్కడే పోలేదు, కాలిన గాయాలతో తర్వాత పోయారు. మిగిలినవాళ్లు విమానాలెక్కి నాడ్జాబ్‌లో దిగి, లే పట్టణం కోసం జరిగిన పోరులోకి నడిచారు. స్నేహితుల కోసం ఏడవడానికి వాళ్లకు ఒక పూట కూడా దొరకలేదు. ఈ వార్త కూడా బయటికి రానివ్వలేదు.

మరుసటి ఏడు, 1944 ఏప్రిల్ 16, ఆదివారం. న్యూగినీలోని హాలండియా మీద దాడి చేసి తిరిగొస్తున్న అమెరికా విమానాలకు దారిలో మేఘాల గోడ అడ్డం వచ్చింది. దాడిలో శత్రువు నుంచి పెద్దగా ప్రతిఘటనే లేదు. తిరుగుదారిలో మాత్రం కొండలు కనబడవు, ఇంధనం అయిపోతోంది. దొరికిన చోట దిగాలని తీరంలో సైదోర్ అనే చిన్న రన్‌వే మీదకు ఎన్నో విమానాలు ఒకేసారి వచ్చిపడ్డాయి. దిగిన విమానాలు అక్కడే ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఆ ఒక్క సాయంత్రం 37 విమానాలు పోయాయి, 50 మందికి పైగా చనిపోయారు. దాన్ని బ్లాక్ సండే అంటారు. ఇక యుద్ధభూమి సంగతి పక్కన పెడితే, ఆ యుద్ధ కాలంలో అమెరికా సొంత గడ్డ మీదే వాళ్ల ఆర్మీ వైమానిక దళ ప్రమాదాల్లో దాదాపు 15 వేల మంది పోయారు. 19, 20 ఏళ్ల పిల్లలకు కొన్ని నెలల్లో విమానం నేర్పించి, నాలుగు ఇంజన్ల బాంబర్ చేతిలో పెట్టిన కాలం అది.

మళ్లీ బేకర్స్ క్రీక్‌కు వద్దాం. ఈ కథ బయటికి వచ్చింది ప్రభుత్వం వల్ల కాదు. మకాయ్‌లో ఒక స్థానిక చరిత్రకారుడు ఏళ్ల తరబడి పాత సైనికుల సంఘం మనుషులతో కలిసి, ఆ 40 మంది పేర్లేమిటి, ఊళ్లేమిటి అని వెతికాడు. ఇటు అమెరికాలో ఇంకొకాయనకు తన తండ్రి డైరీ దొరికింది. ఆ తండ్రి ఎవరంటే, ఆ పొద్దున మకాయ్ ఎయిర్‌ఫీల్డ్‌లో సైనికుల్ని విమానం ఎక్కించే పని చూసిన కెప్టెన్. తను దగ్గరుండి ఎక్కించిన కుర్రాళ్లు కాసేపట్లోనే లేకుండా పోయారు. ఆ బరువును ఆ మనిషి ఎలా మోశాడో నేను ఊహించలేను. డైరీ చదివిన కొడుకు ఊరుకోలేకపోయాడు. ఒక్కో కుటుంబం చిరునామా పట్టుకుని, ఉత్తరాలు రాసి, ఫోన్లు చేసి, మీవాడు పోయింది ఇక్కడ, ఇలా అని చెప్పడం మొదలుపెట్టాడు. అప్పటికి యాభై ఏళ్లు దాటిపోయింది. ఫోన్ ఎత్తినవాళ్లలో తల్లులు లేరు. అన్న ఫొటోను ఇన్నాళ్లూ దాచుకున్న చెల్లెళ్లు, తమ్ముళ్లు, పెదనాన్నను ఎప్పుడూ చూడని పిల్లలు ఉన్నారు.

1992 మే 11న బేకర్స్ క్రీక్‌లో ఊరివాళ్లు స్మారకం కట్టుకున్నారు. అమెరికాలో ఇంకొక స్మారకం మొదట వాషింగ్టన్‌లోని ఆస్ట్రేలియా రాయబార కార్యాలయంలో ఉంచారు. అంటే అమెరికా సైనికుల రాయికి మొదట చోటు దొరికింది ఆస్ట్రేలియావాళ్ల ఆవరణలో. తర్వాత 2009లో దాన్ని ఆర్లింగ్టన్ జాతీయ సైనిక శ్మశానం పక్కనున్న ఫోర్ట్ మయర్ అనే సైనిక స్థావరానికి తరలించి, సెల్ఫ్రిడ్జ్ గేట్ దగ్గర నిలబెట్టారు. ఆ గేటుకు పేరు వచ్చింది థామస్ సెల్ఫ్రిడ్జ్ అనే లెఫ్టినెంట్ వల్ల. 1908లో ఆర్విల్ రైట్ నడుపుతున్న విమానం ఫోర్ట్ మయర్‌లోనే కూలినప్పుడు అందులో ఉన్న ఆయన చనిపోయాడు. ఇంజన్ ఉన్న విమానం కూలి ప్రాణం పోయిన మొదటి మనిషి ఆయనే.

అటు మకాయ్ దగ్గర, చెరకు తోటల పక్కన, ఏటా జూన్ 14న జనం చేరి ఆ కుర్రాళ్లను తలుచుకుంటారు. జూన్ అంటే అక్కడ చలికాలం, చెరకు నరికే రోజులు మొదలయ్యే వేళ.